పడిపోయిన మాటకు గడువు విధింపవచ్చునా?

పక్షవాతము సోకినవారిని గూర్చి మన యిండ్లలో రెండు మాటలు జంటగా వినవచ్చుచుండును: కాలుచేతులు పడిపోయినవని యొకటి, మాట పడిపోయినదని మరియొకటి. మొదటి నష్టము కంటికి కనబడునది గనుక, దానికొరకు ఇంటిల్లిపాదియు నడుము కట్టి, ఫిజియోథెరపిస్టును పిలిపించి, నూనెలు మర్దించి, గోడ పట్టించి నడిపించి, నెలల తరబడి శ్రమింతురు. రెండవదాని విషయమున మాత్రము, అది తనంతట తానే రావలసినదను భావముతో వేచియుందురు. అయిదారు మాసములు గడచినను రానిచో, ఇక రాదని మనసు దిటవు చేసికొందురు. ఈ నిరాశకు కుటుంబములను తప్పుపట్టుట న్యాయము కాదు. ఆరు మాసములలోపల వచ్చినదే భాష, ఆ తరువాత వచ్చునది స్వల్పము అను అభిప్రాయము వైద్యవృత్తిలోనే చిరకాలము వేళ్లూనియుండెను. నేటికిని అది పూర్తిగా పెకలింపబడలేదు. ఆ గడువునకు ఆధారమేమి, గడచిన నాలుగైదు దశాబ్దముల పరిశోధన దానిని నిలువనిచ్చినదా అనునది నిదానముగా విచారింపదగిన విషయము.

వైద్యులు అఫేసియా అని పిలుచు ఈ స్థితి గొంతునకో నాలుకకో సంబంధించినది కాదు. భాషావ్యాపారమును నడుపు మెదడు భాగములు అత్యధికసంఖ్యాకులలో ఎడమ అర్ధగోళమున నుండును. రక్తప్రసారము నిలిచిపోవుటచేతనో, రక్తనాళము చిట్లుటచేతనో, తలకు తగిలిన దెబ్బచేతనో, కంతిచేతనో ఆ భాగములు చెడినప్పుడు ఇది కలుగును. కొందరికి ఎదుటివారి మాట చాలవరకు తెలియును గాని, తాము పలుకబోవు పదము చిక్కదు. మరికొందరి నోట వాక్యములు ధారాళముగా వెలువడును గాని, వానిలో అర్థము కుదురదు, తమ మాటలోని వైపరీత్యము తరచు తమకే తెలియదు. చదువును వ్రాతయు కూడ ఈ నష్టములో పాలుపంచుకొనును. అయినను ఆ మనుష్యుని వివేకము, అభిమానము, తనవారెవరో పైవారెవరో అను ఎఱుక నిలిచియే యుండవచ్చును. పేరు పలుకలేని తండ్రిని మతి తప్పినవానిగా నెంచి, ఆయన యెదుటనే ఆయన ఆస్తిని గూర్చియు ఆయన వైద్యమును గూర్చియు ఆయనను సంప్రదింపకయే నిర్ణయములు చేయు ఇండ్లు అనేకములు. ఆ దుఃఖము మెదడు దెబ్బ వలన కలిగినది కాదు, మనము కలిగించునది.

ఈ శాస్త్రమునకు పునాది పడిన కథలోనే అట్టి దుఃఖము కలదు. పారిస్ సమీపమునగల బిసెత్ర్ ఆసుపత్రిలో ఇరువదియొక్క సంవత్సరములు గడపిన లెబోర్న్ అను రోగి, ఏమి యడిగినను "టాన్, టాన్" అనియే ప్రత్యుత్తర మిచ్చెడివాడు. ఆ ధ్వనియే ఆసుపత్రిలో అతని పేరై నిలిచెను. తన భావము ఎదుటివారికి తెలియనప్పుడు కోపగించి, ఒక తిట్టును మాత్రము స్పష్టముగా పలుకగలిగెడివాడు. 1861 ఏప్రిల్‌లో అతడు మరణింపగా, పాల్ బ్రోకా అతని మెదడును పరీక్షించి ఎడమ లలాటఖండమున గాయమును చూపెను. 1874లో ఇరువదియారేండ్ల కార్ల్ వెర్నికే గ్రహణశక్తిని హరించు రెండవ రకమును వర్ణించెను. అటు పిమ్మట చాలకాలము పండితుల దృష్టి గాయమెచ్చట నున్నదను ప్రశ్నమీదనే నిలిచినది. గాయపడినవాడు మరల ఎట్లు మాటలాడునను ప్రశ్నను ప్రపంచయుద్ధములు ముందునకు తెచ్చినవి. మొదటి యుద్ధమున జర్మనీలో కుర్ట్ గోల్డ్‌స్టైన్, రెండవ యుద్ధమున సోవియట్ దేశమున అలెగ్జాండర్ లూరియా, తలకు దెబ్బ తగిలిన యువసైనికులను గుంపులుగా చూడవలసివచ్చినది. వృద్ధులను గూర్చి చెప్పినట్లు "ఇక ఇంతే" అని ఇరువదియేండ్లవానిని గూర్చి చెప్పుట ఎవరికిని సాధ్యము కాలేదు.

లూరియా చూచినవారిలో జాసెత్‌స్కీ అను సైనికుడు 1943 మార్చిలో గాయపడెను. అతనికి అక్షరముల రూపములు మరపునకు వచ్చినవి. ఒక్కొక్క అక్షరమును వెదకి వెదకి వ్రాయుట దుర్భరమయ్యెను. ఒకనాడు వైద్యుడు, అక్షరమును గూర్చి తలపక, కలము ఎత్తక, పదమంతటిని ఒక్క ఊపున వ్రాయుమని చెప్పగా, చేయి తన పూర్వాభ్యాసముచేత తానే వ్రాసెను. ఆ తరువాత పాతికేండ్లపాటు శ్రమించి, దినమునకు కొన్ని పంక్తుల చొప్పున, అతడు తన స్థితిని గూర్చి సుమారు 3000 పుటలు వ్రాసెను. చెడిన మార్గమునే బాగుచేయ యత్నింపక, చెడని మరియొక మార్గమున అదే కార్యమును నెరవేర్చుట లూరియా బోధించిన సూత్రము. నేటి చికిత్సాపద్ధతులలో అనేకములకు మూలము అచ్చటనే యున్నది.

ఇక గడువు మాట. 1995లో వెలువడిన కోపెన్‌హేగన్ పరిశీలన ఈ విషయమున తరచు ఉదాహరింపబడునది. పక్షవాతముతో ఆసుపత్రిలో చేరిన 881 మందిని పరిశీలింపగా, ఆరంభమున నూటికి 38 మందిలో అఫేసియా కనబడెను. ఆసుపత్రి విడుచునాటికి ఆ సంఖ్య 18కి దిగెను. నూటికి 95 మంది విషయమున, లోపము అల్పమైనచో 2 వారములలోను, మధ్యమమైనచో 6 వారములలోను, తీవ్రమైనచో 10 వారములలోను భాష ఇక మారని స్థితికి చేరెనని పరిశోధకులు తేల్చిరి. ఈ అంకెలను చదివినవాడు మూడవ మాసము తరువాత చికిత్సకై వ్యయమేల అని తలచినచో ఆశ్చర్యము లేదు. అయితే వారు భాషను కొలిచిన సాధనమేది? స్కాండినేవియా పక్షవాత మాపకములోని భాషాంశము. అందలి మెట్లు నాలుగే: లోపము లేకుండుట, పదసంపద పరిమితమై గాని మాట పొందిక తప్పి గాని యుండుట, ఔను-కాదులను మించి పలుకగలిగినను దీర్ఘవాక్యములు చెప్పలేకుండుట, ఔను-కాదులతోనో అంతకు తక్కువతోనో ఆగిపోవుట. భార్య పేరు చెప్పలేనివాడు చెప్పగలుగుట, మందుల దుకాణములో తన మందును తానే అడుగగలుగుట, ఇట్టి లాభములు ఆ మెట్ల నడుమ అదృశ్యములగును. అంతకంటె ముఖ్యమైనది, ఆ పరిశీలన సహజముగాను సాధారణ సేవతోను కోలుకొనుట యెట్లు సాగునో వర్ణించినదే గాని, అటు పిమ్మట దీర్ఘమైన శిక్షణ ఇచ్చినచో ఏమి సాధ్యమో పరీక్షించినది కాదు. ఒక వర్ణన క్రమముగా నిషేధమై కూర్చుండుట వైద్యచరిత్రలో అరుదు కాదు గాని, ఇచ్చట దాని మూల్యము చెల్లించినవారు ఫిర్యాదు చేయుటకు మాట లేనివారు.

మొదటి వారములలోని వేగమునకు కారణములు చాలవరకు తెలిసినవే. గాయము చుట్టు రక్తము చాలక స్తంభించిన కణజాలము, ప్రసారము మరల కలుగగానే తేరుకొనును. గాయమునకు దూరముగ నున్నను దానితోడి సంబంధము తెగి మందగించిన భాగములు క్రమముగా మేల్కొనును. ఈ రెండవ స్థితికి 1914లో ఫాన్ మొనాకోవ్ డయాస్కిసిస్ అని పేరిడెను. తరువాతిది పునర్వ్యవస్థీకరణము. 2006లో డొరొతీ సౌర్ బృందము 14 మంది రోగుల మెదడును ఎమ్మారై యంత్రముతో మూడు దశలలో చూడగా, తొలిదినములలో ఎడమవైపు భాషాక్షేత్రములు మందముగ నుండెను; సుమారు రెండు వారములకు వ్యాపారము పెరిగి, కుడి అర్ధగోళము కూడ విశేషముగా పూనుకొనెను; కొన్ని మాసములకు భారము మరల ఎడమవైపునకే చాలవరకు చేరెను. గండిపడిన కాలువనీరు ప్రక్కబోదెలను పట్టి పారి, గండి పూడిన కొలది తన దారికి వచ్చినట్లున్నది ఈ క్రమము. అయితే ఎడమవైపు భాషాక్షేత్రము మిక్కిలిగా నశించినవారిలో కుడివైపు సాయము ఎంతవరకు మేలు, ఎప్పుడు అడ్డంకి అను వాదము నేటికిని తెగలేదు.

చికిత్స ఫలించునా అను ప్రశ్నకు మొదట వచ్చిన సమాధానములు పరస్పరవిరుద్ధములు. 1979లో మిలాన్ నగరమునుండి అన్నా బస్సో, ఆమె సహచరులు 281 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వారిలో 162 మంది శిక్షణ పొందిరి. మిగిలిన 119 మంది కుటుంబ పరిస్థితులచేతను ప్రయాణసౌకర్యము లేకపోవుటచేతను రాలేకపోయినవారు. శిక్షణ పొందినవారే ఎక్కువగా కోలుకొనిరి. రానివారిని వచ్చినవారితో పోల్చుట నిర్దుష్టమైన పద్ధతి కాదని విమర్శకులు అనినది నిజమే. కాని ప్రయాణసౌకర్యము లేక మాట పోగొట్టుకొనినవారు ఇటలీలో మాత్రమే కలరా? 1984లో ఇంగ్లండులోని నాటింగ్‌హామునుండి నడీనా లింకన్ బృందము, రోగులను చీట్లు తీసినట్లు రెండు వర్గములుగా పంచి పరీక్షించి, చికిత్స పొందినవారికిని పొందనివారికిని భేదము లేదని ప్రకటించెను. ఈ ఫలితము చాలకాలము చికిత్సకు వ్యతిరేకముగా వినియోగింపబడినది. ఆ ప్రయోగమున విధింపబడిన చికిత్స వారమునకు రెండు గంటలు. అంతమాత్రమును అనేకులకు పూర్తిగా అందలేదు. అందని మందు పనిచేయలేదని తీర్పు చెప్పుట ఎంతవరకు న్యాయము?

ఈ చిక్కును విప్పినది 2003లో భోగల్, టీసెల్, స్పీచ్లీ అను కెనడా పరిశోధకుల సమీక్ష. వారు 864 మంది రోగులు పాల్గొనిన 10 ప్రయోగములను వరుసగా పేర్చి చూచిరి. ఫలితము కనబడిన ప్రయోగములలో సగటున వారమునకు 8.8 గంటల చొప్పున 11 వారములు శిక్షణ జరిగెను. ఫలితము కనబడనివానిలో వారమునకు రెండు గంటల చొప్పున సుమారు 23 వారములు జరిగెను. వివాదము చికిత్సయొక్క గుణమును గూర్చినదిగా సాగినను, దాని కీలకము పరిమాణములో నుండెను. అంతకు రెండేండ్ల ముందే, 2001లో, పుల్వర్‌ముల్లర్ బృందము వ్యాధి వచ్చి చిరకాలమైన 17 మందిపై చేసిన చిన్న ప్రయోగమున, కొందరికి పది దినములలో దినమునకు మూడు గంటల చొప్పున, సైగలకు తావీయక మాటచేతనే ఆటముక్కలు అడిగి పుచ్చుకొనునట్లు శిక్షణ ఇచ్చి, అంతే శిక్షణ పలుచగా పొందినవారికంటె మిన్నయగు లాభమును చూపెను.

ఆరు మాసముల గడువును సూటిగా ఎదుర్కొనినది కతెరీనా బ్రైటెన్‌స్టైన్ నాయకత్వమున జర్మనీలో 19 కేంద్రములలో జరిగి 2017లో ప్రకటింపబడిన ప్రయోగము. ఇందు పాల్గొనిన 156 మందికిని వ్యాధి వచ్చి ఆరు మాసములైనను దాటినది, కొందరికి సంవత్సరములే గడచినవి. అనగా ప్రాతలెక్క ప్రకారము ఆశ వదలుకొనదగినవారు. సగము మందికి వెంటనే మూడు వారములపాటు వారమునకు పది గంటలకు తక్కువ కాకుండ శిక్షణ ఇచ్చిరి. తక్కినవారిని కొంతకాలము నిరీక్షింపజేసిరి. కొలతకొరకు వారు ఎన్నుకొనినది, వైద్యునికి ఫోను చేసి సమయము మార్చుకొనుటవంటి నిత్యజీవిత సన్నివేశములలో రోగి తన భావమును తెలుపగలుగుచున్నాడా అను పరీక్ష. శిక్షణ పొందినవారు మెరుగుపడిరి, నిరీక్షించినవారు పడలేదు. ఆ మెరుగుదల ఆరు మాసముల తరువాతను నిలిచియుండెను. నా దృష్టిలో ఈ ఒక్క ప్రయోగముతో గడువు సిద్ధాంతము తన నైతికాధికారమును కోల్పోయినది. ఆ పిమ్మట ఎవరికైనను "కాలము దాటినది" అని చెప్పువారు కాలమును గూర్చి కాక తమ వసతులను గూర్చి చెప్పుచున్నారని తెలిసికొనవలెను.

ఎంత ఎక్కువ, ఎంత త్వరగా అయిన అంత మంచిదని దీనినుండి అనుకొనుట కూడ పొరపాటు. ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో ఎరిన్ గోడెకె బృందము 246 మందికి పక్షవాతము వచ్చిన రెండు వారములలోపలనే చికిత్స మొదలుపెట్టి పరీక్షింపగా, గాఢశిక్షణ సాధారణసేవకంటె మిన్న కాలేదని 2021లో తేలినది. 28 దేశములకు చెందిన 5928 మంది వివరములను సేకరించిన రిలీజ్ అను అంతర్జాతీయ సహకార బృందము 2022లో ప్రకటించిన లెక్కలలో, మొత్తముమీద 20నుండి 50 గంటలు, వారమునకు 2నుండి 4 గంటలు, నాలుగైదు దినములకు పంచి, ఇంటి అభ్యాసమును జోడించి ఇచ్చిన చికిత్సకు సమగ్రభాషలో అధికలాభము కనబడినది. ఎదుటివారి మాటను గ్రహించు శక్తికి మాత్రము అంతకు మించిన సాంద్రత కావలసివచ్చినది. రోగి వయస్సు, బలము, లోపము యొక్క స్వరూపము వేరువేరు గనుక ఒకే మోతాదు అందరికి చెల్లదు. కాని మన ఆసుపత్రులలో పలువురికి లభించు నెలకొకటి రెండు సందర్శనములు ఏ లెక్కను చూచినను మోతాదు క్రిందికే రావు.

గంటల ప్రశ్నకంటె లోతైనది మరియొకటి కలదు. శిక్షణలో నేర్చినది సంభాషణలోనికి దిగివచ్చునా? బ్రిటనులో రెబెక్కా పామర్ బృందము 278 మందితో జరిపి 2019లో ప్రకటించిన ప్రయోగమున, రోగులు తమకు కావలసిన నూరు పదములను తామే ఎన్నుకొని, ఇంటియొద్ద కంప్యూటరు సాయముతో ఆరు మాసములు అభ్యసించిరి. ఆ పదములను చెప్పగలుగుటలో సాధారణసేవ పొందినవారికంటె నూటికి 16 వంతుల అధికమైన మెరుగుదల కలిగెను. కాని వారి సంభాషణ మెరుగుపడలేదు. బొమ్మను చూచి "గొడుగు" అనగలిగినవాడు వాన వచ్చువేళ గొడుగు తెమ్మని అనగలుగుట వేరు సంగతి. ఫోనులోని పరికరముల ప్రకటనలు నేడు కుటుంబముల ఆశను సులభముగా ఆకర్షించుచున్న కారణమున ఈ ఫలితమును ఒత్తి చెప్పవలసియున్నది. యంత్రము అభ్యాసమునకు మిక్కిలి ఉపకరించును. అది ఎదుట కూర్చుండి మాటాడు మనుష్యునికి బదులు కాజాలదు.

పాటను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. మాటాడలేని రోగి భజనపాటను పదములతోసహా పాడుట చూచి విస్మయపడనివారుండరు. 1973లో బోస్టనులో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనువారు దీనిని ఆధారముగా గొని, వాక్యములను స్వరముతోను, ఎడమచేతి తాళముతోను పలికించి, క్రమముగా స్వరమును తొలగించు పద్ధతిని రూపొందించిరి. 2011లో బెన్యమిన్ స్టాల్ బృందము 17 మందిని పరీక్షించి, మేలు చేయునది రాగముకంటె లయ అనియు, కంఠస్థమైన పదబంధములు సులభముగా వచ్చుట మరియొక కారణమనియు చూపెను. కనుక పాట వచ్చినంతమాత్రమున మాట వచ్చినట్లు కాదు; తాళమును పట్టుకొని, పాటలో లేని కొత్తమాటకు నడిపింపవలెను. ఇక తలపై నుంచి మెదడునకు అల్పవిద్యుత్తును ప్రసరింపజేయు పద్ధతి, 2018లో ఫ్రిడ్రిక్‌సన్ బృందము 74 మందిపై చేసిన ప్రయోగమున, మరింత పెద్ద పరీక్షకు అర్హమని మాత్రమే రుజువైనది. దానిని నేడే విక్రయింపదగిన వైద్యముగా ఎంచరాదు.

మన ప్రాంతమునకు నేరుగా సంబంధించినది బహుభాషిత్వ ప్రశ్న. అనేక భాషలు నేర్చినవానికి పక్షవాతము వచ్చినప్పుడు ముందు నేర్చిన భాష ముందు వచ్చునని 1881లో రిబో, ఎక్కువగా వాడుకలోనున్న భాష ముందు వచ్చునని 1895లో పిత్ర్ చెప్పిరి; రోగుల అనుభవము ఈ రెండింటికిని లోబడియుండలేదు. హైదరాబాదులో ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, కార్యాలయమున ఇంగ్లీషు పలుకుట సామాన్యము గనుక ఇచ్చటి పరిశోధనకు ప్రత్యేకమైన విలువ కలదు. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందము 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన దానినిబట్టి, పక్షవాతము తరువాత బుద్ధివ్యాపారములు సక్రమముగా నిలిచినవారు బహుభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో 19.6, అఫేసియా సంభవించుటలో మాత్రము ఇరువురికిని చెప్పదగిన భేదము లేదు. అనగా రెండవ భాష మాట పడిపోకుండ కాపాడలేదు గాని, పడినవానికి నిలద్రొక్కుకొనుటకు అవసరమగు అవధానాది శక్తులను కొంత కాపాడినట్లున్నది. చికిత్సను ఒక భాషలో ఇచ్చినచో రెండవదానికి లాభము ప్రాకునా అను విషయమున, 2010లో యాస్మీన్ ఫరోఖీ-షా బృందము చేసిన సమీక్షలో, సగముకంటె ఎక్కువమందిలో అట్టి ప్రసారము కనబడినది. కనుక రోగిని గందరగోళపరచరాదని ఇంటివారిచేత ఒక భాషను మాన్పించుటకు శాస్త్రీయమైన ఆధారము లేదు.

అయినను తెలుగువానికి తెలుగు వ్యాకరణమును ఎరిగిన చికిత్స కావలెను. ఇంగ్లీషు రోగి క్రియాప్రత్యయములను వదలివేసి ముక్కలుగా మాటాడును. హీబ్రూ వంటి భాషలలో ప్రత్యయము లేని ధాతువు పలుకుటకే వీలుకాదు గనుక అచ్చటి రోగి ఒక ప్రత్యయమునకు మరియొకటి పెట్టును. తెలుగు క్రియలో పురుషయు, లింగమును, వచనమును, కాలమును ఒకే పదమున ఇమిడియుండును. "వచ్చాడు" అనవలసినచోట "వచ్చింది" అనినదానిని కేవలము తడబాటుగా కొట్టివేయక, అది ఏ నియమము సడలుటవలన కలిగినదో చూడవలెను. వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ వంటి ప్రసిద్ధపరీక్షకు తెలుగు రూపము కలదు. మైసూరులోని అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థయు, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ ప్రాంతీయకేంద్రమును స్పీచ్ థెరపిస్టులను తయారుచేయుచున్నవి. కాని వారిలో అధికులు పెద్దనగరములకే పరిమితులు. శ్రీకాకుళమునుండియో, ఆదిలాబాదునుండియో వారమునకు నాలుగు మార్లు నగరమునకు రాగలవారెందరు?

అందుచేత నిత్యము రోగితో నుండువారికి శిక్షణ నిచ్చుట గౌణమైన పని కాదు. టొరంటోలో ఆరా కేగన్ బృందము 2001లో ప్రకటించిన ప్రయోగమున, 20 మంది స్వచ్ఛందసేవకులకు అఫేసియా గలవారితో సంభాషించు విధానమును నేర్పగా, శిక్షణ పొందినది వారు మాత్రమే అయినను, ఎదుటి రోగుల సంభాషణ కూడ మెరుగుపడెను. ఆ విధానమున రహస్యమేమియు లేదు: మీకు విషయము తెలియునని నాకు తెలుసునని మొదట స్పష్టపరచుట, ఒక్కసారి ఒక్క ప్రశ్న అడుగుట, ముఖ్యపదమును కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి చూపుట, బొమ్మను, పటమును, క్యాలెండరును చేతికందునట్లుంచుట, చెప్పినది అర్థమైనట్లు నటింపక సరిచూచుకొనుట, అన్నిటికంటె కష్టమైనది, రోగి పదమునకై వెదకుచున్నప్పుడు నోట అందీయక కొంత ఆగుట. మన ఇండ్లలో ప్రేమాధిక్యముచేత పదిమంది పది పదములు అందింతురు. వెదకుచున్నవాడు వెదకుట మానును.

ఆసుపత్రి విడుచునాడు ఇచ్చు కాగితమున రక్తపోటు మాత్రలతోను, కాలుచేతుల వ్యాయామముతోను పాటు స్పీచ్ థెరపిస్టు సలహా కూడ విధిగా ఉండవలెను. ఇంటివారిలో ఒకరికైనను సంభాషణ నేర్పి పంపవలెను. జిల్లా ఆసుపత్రులలో స్పీచ్ థెరపిస్టు ఉద్యోగములను నింపుటయు, దూరముననున్నవారికి వీడియో ద్వారా వారమున కొన్ని గంటలు శిక్షణ నిచ్చుటయు సాధ్యములే. ప్రభుత్వ ఆరోగ్య పథకములును బీమా సంస్థలును మాట చికిత్సను కూడ గంటల లెక్కన చెల్లింపదగిన వైద్యముగా గుర్తింపవలెను. ఆరు మాసములు దాటినవారిని జాబితానుండి తొలగింపక, సంవత్సరమునకు ఒక్కమారైనను పిలిచి మరల పరీక్షించి, శక్తిగలవారికి జర్మనీ ప్రయోగములోనివలె మూడు వారముల గాఢశిక్షణకు అవకాశము కల్పించుట పునరావాస విభాగములకు మోయరాని భారము కాదు.